వెలుగుతోందా, వెలుగులో ఉందా?

"చందమామలో లైటు ఎవరు వేస్తారు?"

నాలుగైదేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. "లైటు లేదమ్మా, సూర్యుడి వెలుగు పడి అలా కనబడతాడు" అని చెప్పి మనం ముద్ద నోట్లో పెడతాం. పాప తలూపుతుంది, కానీ సందేహం తీరదు. రాత్రిపూట సూర్యుడే లేడు కదా! లేని సూర్యుడి వెలుగు చందమామ మీద ఎలా పడుతుంది? ఆ సంగతి ఎవరూ చెప్పరు. పదేళ్ల తర్వాత పరీక్షలో "చంద్రుడు స్వయంప్రకాశకం కాదు" అని రాసి మార్కు తెచ్చుకుంటుంది. సందేహం మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉండిపోతుంది.

ఈ ప్రశ్నకు జవాబు చూపించే చోటు ప్రకాశం జిల్లా సింగరాయకొండ పిల్లలకు దగ్గరలోనే ఉంది. ఊరికి తూర్పున పాకల సముద్రతీరం. పౌర్ణమినాడు పొద్దుగూకే వేళకు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. పడమట కందుకూరు వైపు సూర్యుడు దిగిపోతుంటాడు. దాదాపు అదే సమయానికి తూర్పున నీళ్లలోంచి చంద్రుడు పైకి వస్తాడు. సముద్రం వైపు తిరిగి నిలబడితే పిల్లల వీపు వెనక సూర్యుడు, ముఖానికి ఎదురుగా చంద్రుడు. అప్పుడు అడగండి: "నీ వెనక నుంచి ఎవరైనా బ్యాటరీ లైటు వేస్తే, నీ ఎదుట నిలబడ్డవాడి ముఖం ఎలా కనబడుతుంది?" నిండుగా కనబడుతుంది. నిండు చంద్రుడు కూడా అంతే. సూర్యుడు లేకుండా పోలేదు. మన వెనక్కి, భూమి అంచు కిందికి దిగాడు. మనకు కనబడకపోయినా చంద్రుడికి కనబడుతూనే ఉన్నాడు.

జవాబులో ఇది సగమే. రాయీ మట్టీ తప్ప ఏమీ లేని గోళం అంత తెల్లగా ఎలా మెరుస్తుందన్నది మిగతా సగం. అక్కడికి చేరాలంటే ఒక్క ప్రశ్నను పిల్లల నాలుక మీద ఆడేలా చేయాలి. ఏ వస్తువును చూసినా వాళ్లు అడగాల్సిన ప్రశ్న అది: ఇది వెలుగుతోందా, వెలుగులో ఉందా?

మన మాటల్లోనే ఉన్న చిక్కు

ఎండ కాసింది అంటాం. వెన్నెల కాసింది అనీ అంటాం. దీపం వెలుగుతోంది, చందమామ వెలుగుతున్నాడు. మెరుపు మెరిసింది, తోమిన ఇత్తడి బిందె మెరిసింది, అమ్మ ముక్కుపుడక మెరిసింది. పెద్దవాళ్లకు ఇవి ఇంపైన పలుకుబళ్లు. మాటలతోనే లోకాన్ని కట్టుకుంటున్న పసివాడు మాత్రం మెరిసేవన్నీ ఒకే బుట్టలో వేసుకుంటాడు. వాడి లెక్కలో సూర్యుడు, అద్దం, చందమామ, స్టీలు గ్లాసు అన్నీ ఒకే కోవకు చెందినవి.

రెండో చిక్కు చూపు దగ్గర వస్తుంది. చూపు సారించాడు, చూపు విసిరింది, అటు ఓ కన్నేసి ఉంచు, బిడ్డకు దిష్టి తగిలింది. ఈ మాటలన్నిటిలో కంట్లోంచి ఏదో బయలుదేరి వెళ్లి వస్తువును తాకుతున్నట్టు ఉంటుంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వాలు ఉచిత కంటి పరీక్షలు మొదలుపెట్టినప్పుడు రెండు చోట్లా ఎంచుకున్న పేరు 'కంటి వెలుగు'. మనసుకు హత్తుకునే పేరే. పిల్లలకు మాత్రం ఒక మాట అదనంగా చెప్పాలి: కంట్లో వెలుగు పుట్టదు, కంటికి వెలుగు అందాలి.

పిల్లలు ఇలా అనుకోవడంలో వింత లేదు. మహా మేధావులే అలా అనుకున్నారు. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణిత పండితుడు యూక్లిడ్ చూపును కంటి నుంచి బయలుదేరే గీతలుగా లెక్కగట్టాడు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం కూడా కంటి నుంచి తేజస్సు వెళ్లి వస్తువును అందుకుంటుందని వాదించింది. రాత్రిపూట తిరిగే జంతువుల కళ్లు చీకట్లో మెరవడాన్ని గౌతముడి న్యాయసూత్రాలు అందుకు సాక్ష్యంగా చూపాయి. ఈ సాక్ష్యాన్ని గుర్తుంచుకోండి, కాసేపట్లో హైవే మీద దాన్ని మళ్లీ కలుస్తాం.

లెక్కను సరిదిద్దినవాడు ఇరాక్‌లోని బస్రా నగరంలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్. వెయ్యేళ్ల కిందట ఈజిప్టులో కూర్చుని చూపు గురించి పెద్ద గ్రంథం రాశాడు. తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొప్పెడుతుంది, చూపు తిప్పుకున్నాక కూడా దాని మచ్చ కంట్లో నిలుస్తుంది. వెలుగు బయటి నుంచి వచ్చి కంటిని తాకుతోందనడానికి అదే గుర్తు అన్నాడు. వెయ్యేళ్లు గడిచినా పాత ఊహ పూర్తిగా పోలేదు. అమెరికాలో జెరాల్డ్ వైనర్, జేన్ కాట్రెల్ బృందం చేసిన పరిశోధనల్లో కాలేజీ విద్యార్థులు చాలామంది చూసేటప్పుడు కంటి నుంచి ఏదో బయటికి వెళుతుందనే నమ్ముతున్నట్టు తేలింది. కాబట్టి ఒకటో తరగతి పిల్లవాడు అలా అన్నప్పుడు కసరకండి. డబ్బా ఒకటి చేతికివ్వండి.

చెప్పుల డబ్బాలో ఎండుమిరపకాయ

పాత చెప్పుల డబ్బా, నల్ల కాగితం, జిగురు, ఒక ఎండుమిరపకాయ చాలు. డబ్బా లోపలంతా నల్ల కాగితం అంటించండి. ఒక చివర లోపలి గోడకు మిరపకాయ అంటించండి. ఎదుటి చివర కన్ను పట్టేంత చిన్న కంత పెట్టండి. పైమూతలో, మిరపకాయకు సరిగ్గా పైన, తీసి మూసుకునే చిన్న కిటికీ కోయండి. సందులన్నీ మూసేయండి. ఇక్కడే శ్రద్ధ కావాలి. సూదిమొన అంత సందు ఉన్నా ప్రయోగం చెడుతుంది.

కిటికీ మూసి ఉంచి, కంతలోంచి చూడమనండి. "ఏముంది?" "ఏమీ లేదు." "కాసేపు చూస్తే కనబడుతుందేమో!" ఈ మాట పిల్లలే అంటారు. కరెంటు పోయిన రాత్రి మొదట ఏమీ కనబడక, కాసేపటికి మంచం, బీరువా మెల్లగా కనబడటం వాళ్లకు అనుభవమే. సరే, వంద లెక్కపెడుతూ చూడమనండి. వందకు చేరినా చీకటే. ఇప్పుడు కిటికీ తెరవండి. ఎర్రటి మిరపకాయ!

ఇక్కడ వివరించడానికి తొందరపడకండి. అడగండి. కన్ను మారిందా? లేదు. మిరపకాయ మారిందా? లేదు. మరేం మారింది? పిల్లలు తమంతట తామే చెబుతారు: "వెలుగు లోపలికొచ్చింది." ఆ వెలుగు పైనుంచి మిరపకాయ మీదికి వచ్చింది. కన్ను మాత్రం పక్కన, కంత దగ్గర ఉంది. అంటే మిరపకాయ మీద పడిన వెలుగు పక్కకు తిరిగి కంటిలోకి వచ్చింది. కిటికీ, మిరపకాయ, కన్ను: ఈ దారిని పిల్లల చేత బాణం గుర్తులతో గీయించండి. చాలామంది బాణాన్ని మొదట కంటి నుంచి మిరపకాయ వైపు గీస్తారు. తప్పు అని కొట్టేయకండి. డబ్బా మళ్లీ ఇచ్చి, "మరి కిటికీ మూసినప్పుడు నీ బాణం ఏమైంది?" అని అడగండి. తిరగేసి గీయడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

కరెంటు పోయిన రాత్రి మంచం ఎలా కనబడింది? ఇంట్లో అది పూర్తి చీకటి కాదు. కిటికీ సందుల్లోంచి చుక్కల వెలుగో, దూరపు వీధిదీపమో ఎంతో కొంత వస్తుంది. కొంచెం వెలుగుకు కన్ను అలవాటు పడగలదు. అసలు వెలుగే లేనిచోట ఎంత అలవాటు పడినా ప్రయోజనం లేదు.

సొంత వెలుగు, అరువు వెలుగు

ఇప్పుడు అదే డబ్బా మనకు తీర్పరి అవుతుంది. మిరపకాయ తీసేసి చిన్న అద్దం పెట్టండి. పిల్లలు పందెం కాస్తారు: "అద్దం చీకట్లో కూడా మెరుస్తుంది!" కిటికీ మూస్తే అద్దం కూడా మాయం. స్టీలు చెంచా పెడితే అదీ మాయం. తాళంచెవికి వేలాడే బుల్లి లైటు వెలిగించి పెట్టండి. కిటికీ మూసినా కనబడింది. దీన్ని డబ్బా పరీక్ష అందాం. పరీక్ష నెగ్గినవాటిది సొంత వెలుగు (స్వయంప్రకాశకాలు). ఓడినవాటిది అరువు వెలుగు. పాఠ్యపుస్తకపు పొడవాటి మాటలో మన జిల్లా పేరు కూడా ఉంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు మీద 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లా అయింది. ఆ కథ చెబితే ఇక్కడి పిల్లలకు మాట ఊరికే గుర్తుండిపోతుంది.

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు పెద్దలు. వెలుగు సంగతి అలా కాదు. లోకంలో మనం చూసేదంతా దాదాపు అరువు వెలుగుతోనే చూస్తాం. అమ్మ ముఖం, అన్నం మెతుకు, పలక మీది అక్షరం, కొండ మీది నరసింహస్వామి గుడి గోపురం, వేటికీ సొంత వెలుగు లేదు. సొంత వెలుగు ఉన్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: సూర్యుడు, చుక్కలు, మెరుపు, మంట, కాలి ఎర్రబడ్డ బొగ్గు, బల్బు, మిణుగురు పురుగు. చెకుముకి రాళ్లు రాకినప్పుడు రాలే నిప్పురవ్వ కూడా. జన విజ్ఞాన వేదిక తన పిల్లల సైన్సు పత్రికకు పెట్టిన పేరు కూడా 'చెకుముకి'.

ఈ రెండు బుట్టల ఆట ఆడించేటప్పుడు పిల్లలు చిక్కు ప్రశ్నలు వేస్తారు. సెల్‌ఫోన్ ఏ బుట్ట? వెలుగుతున్న తెర సొంత వెలుగు, ఆపేసిన ఫోన్ అరువు వెలుగు. అగ్గిపుల్ల? గీసేదాకా అరువు, గీశాక సొంతం. ఒకే వస్తువు ఒక్కోసారి ఒక్కో బుట్టలోకి వెళుతుందన్నమాట. గోడకు అంటించే చుక్కల స్టిక్కర్లు? అవి పగలు వెలుగును దాచుకుని చీకట్లో మెల్లగా వదులుతాయి. డబ్బాలో కాసేపు నెగ్గి, తర్వాత ఓడిపోతాయి. ఇలాంటివి వచ్చినప్పుడు మీరు తీర్పు చెప్పకండి. "పరీక్ష పెట్టి చూద్దామా?" అనండి. జవాబు తెలియడం ఒక ఎత్తయితే, దాన్ని తేల్చుకునే దారి తెలియడం పది ఎత్తులు.

ఒక చేలో మూడు పాఠాలు

అరువు వెలుగు అనగానే పెద్దలు కూడా అద్దాన్నే తలుచుకుంటారు. వెలుగును తిప్పి పంపడం (పరావర్తనం) అద్దం ఒక్కదాని పని అనుకుంటారు. ఈ పొరపాటు పోవడానికి రాత్రిపూట ఒక చిన్న పని చేయండి. గదిలో లైట్లు ఆపి, తెల్లకాగితం మధ్యలో చిన్న అద్దం అంటించి గోడకు ఆనించండి. ఒక పక్క నుంచి ఏటవాలుగా బ్యాటరీ లైటు వేయండి. ఏది ఎక్కువ తెల్లగా కనబడుతుందో ముందే చెప్పమనండి. అందరూ అద్దం అంటారు. తీరా చూస్తే కాగితం తెల్లగా వెలిగిపోతుంది, అద్దం నల్ల చదరంలా ఉంటుంది!

కారణం బంతి ఆటలో ఉంది. నున్నటి గచ్చు మీద బంతి కొడితే అది ఏ వైపు ఎగురుతుందో ముందే చెప్పవచ్చు. దున్నిన చేలో కొడితే మట్టిగడ్డకు తగిలి ఎటైనా పోతుంది. అద్దం గచ్చు లాంటిది, వచ్చిన వెలుగునంతా ఒకే వైపు పంపుతుంది. ఆ దారిలో మన కన్ను లేకపోతే మనకు చీకటే. కాగితం దున్నిన చేను లాంటిది. చేత్తో తడిమితే నున్నగా ఉన్నా, వెలుగు లెక్కన అది ఎగుడుదిగుళ్ల నేల. అందుకే గదిలో ఎక్కడ నిలబడ్డా దాని వెలుగు ఎంతో కొంత మన కంటికి చేరుతుంది. నలుగురూ నాలుగు వైపుల నుంచి ఒకే వస్తువును చూడగలగడం ఈ చెదురు వెలుగు పుణ్యమే.

ఇక చేలోకి వెళదాం. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప, నల్లరేగడి ఉన్న ఊళ్ల పిల్లలకు ప్రకృతి మూడు నమూనాలు పక్కపక్కనే పెట్టింది. సూర్యుడి తెల్లటి వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. విచ్చుకున్న పత్తి వాటిలో దేన్నీ పెద్దగా ఉంచుకోదు, దాదాపు అన్నిటినీ తిప్పి పంపుతుంది. అందుకే తెలుపు. పండు మిరప నీలాన్ని, పచ్చను మింగి, ఎరుపును పంపుతుంది. నల్లరేగడి అన్ని రంగుల్నీ సింహభాగం మింగేస్తుంది. మింగిన వెలుగు ఊరికే పోదు, వేడిగా మారుతుంది. మధ్యాహ్నం నల్లటి నేల మీద చెప్పుల్లేకుండా అడుగేసిన పిల్లలకు ఆ సంగతి పాదాలే చెబుతాయి.

మిరపకాయ ఎరుపును నిజంగా పంపుతోందా? ఎండలో ఎర్ర కాగితం పరిచి, దాని అంచున తెల్లకాగితాన్ని నిలువుగా పట్టుకోండి. తెల్లకాగితం అడుగున లేత ఎరుపు పాకుతుంది. ఎర్ర కాగితం పంపిన వెలుగు పక్క కాగితం మీద పడింది. కల్లంలో ఆరబోసిన మిర్చి పక్కన తెల్లచీర నేలకు జీరాడేలా నిలబడ్డవారి కుచ్చిళ్ల మీదా అదే ఛాయ. వెలుగు ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు, అక్కడి నుంచి కంటికి, చేతులు మారుతూ ప్రయాణిస్తుంది. చెట్టు నీడలో కూర్చున్నా పుస్తకం చదవగలుగుతున్నామంటే ఈ చేతులు మారిన వెలుగే కారణం.

మరి సముద్రం నీలం ఎవరిది? ఆకాశపు నీలం నీటిలో ప్రతిఫలిస్తోందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులూ అనుకున్నారు. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి.రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ, నీటి మీది నుంచి తిరిగివచ్చే ఆకాశపు వెలుగును ఒక స్ఫటికంతో అడ్డుకుని చూశాడు. నీలం పోలేదు! నీలాన్ని ఆకాశం నుంచి అరువు తెచ్చుకోవడం కాదు, లోతు నీరే సూర్యుడి వెలుగులో ఎరుపును మింగి నీలాన్ని చెదరగొడుతోంది. సముద్రాన్ని చూసి వేసుకున్న ఆ ప్రశ్న వెంట నడిచే ఆయన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితానికి చేరాడు. ఆ తేదీనే మనం జాతీయ సైన్సు దినోత్సవం జరుపుకుంటున్నాం.

హైవే మీద పిల్లికళ్లు

సింగరాయకొండ పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉంది. రాత్రి ఒంగోలు నుంచి బస్సులో వస్తూ ముందు సీట్లో కూర్చున్న పిల్లలు చూసే ఉంటారు: రోడ్డు మధ్య గీతల వెంట వరసగా దీపాలు వెలుగుతాయి. బస్సు దాటగానే ఆరిపోతాయి. వాటికి తీగ లేదు, బ్యాటరీ లేదు. అరువు వెలుగు బుట్టలోవే అవి. కానీ అద్దంలా, కాగితంలా కాక మూడో రకంగా పనిచేస్తాయి. వెలుగు ఏ వైపు నుంచి వచ్చినా, వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. బస్సు లైటు వెలుగు బస్సు దగ్గరికే తిరిగి వస్తుంది, అందుకే డ్రైవరుకు కనబడుతుంది. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి కనబడదు. బడిసంచికి కుట్టిన వెండిపట్టీతో పిల్లలు దీన్ని పరీక్షించవచ్చు. బ్యాటరీ లైటును కణతకు ఆనించి పట్టుకుని వేసినవాడికి పట్టీ ధగధగలాడుతుంది. పక్కవాడికి మామూలు గుడ్డముక్కే.

ఇంగ్లండులో పెర్సీ షా అనే రోడ్డు పనివాడు 1934లో ఇలాంటి గాజుపూసలను రోడ్డులో బిగించే పద్ధతికి పేటెంటు తీసుకుని, వాటికి పిల్లికళ్లు అని పేరు పెట్టాడు. నిజమైన పిల్లికళ్లలోనూ జరిగేది అదే. కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని టపీటమ్ అంటారు. కంటి తెర దాటిపోయిన వెలుగును అది వెనక్కి పంపి, చూడటానికి కంటికి రెండో అవకాశం ఇస్తుంది. అలా తిరిగిన వెలుగులో కొంత బయటికి వచ్చేస్తుంది. మేతకు వెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చే గేదెల కళ్లు బండి లైటుకు మెరిసేదీ ఇందుకే. మన కంటిలో ఆ పొర లేదు.

న్యాయసూత్రాల సాక్ష్యం ఇక్కడ తేలిపోయింది. పిల్లి కంట్లో మెరిసింది పిల్లి వెలుగు కాదు, మనం వేసిన లైటో, చుట్టూ ఉన్న మసక వెలుగో. గదిని పూర్తిగా చీకటి చేస్తే పిల్లికన్నూ మెరవదు. అప్పటి పండితులకు చూపులో లోపం లేదు, డబ్బా పరీక్ష పెట్టడమే మిగిలిపోయింది.

ఈ పాఠం ప్రాణాలు కాపాడుతుంది కూడా. రాత్రిపూట పత్తిబోరేలతో, పొగాకు బేళ్లతో వెళ్లే ట్రాక్టరు ట్రక్కుకు వెనక లైటు లేకపోతే అది చీకటి ముద్దలా ఉంటుంది. వెనక వచ్చే బండికి దగ్గరికొచ్చేదాకా కనబడదు. పిల్లికళ్లలా వెలుగును వచ్చిన వైపుకే పంపే కొద్ది రూపాయల ఎర్ర స్టిక్కరు అంటిస్తే దూరం నుంచే కనబడుతుంది. ఈ పాఠం నేర్చుకున్న పిల్లలు ఇంట్లో నాన్ననో బాబాయినో అడిగి, బండి వెనక ఆ స్టిక్కరు అంటింపజేస్తే అంతకంటే పెద్ద మార్కు లేదు.

చందమామను డబ్బాలో పెట్టిన రాత్రి

ఇప్పుడు మళ్లీ ఆకాశం వైపు చూద్దాం. చేలోంచి నల్లరేగడి మట్టి తెచ్చి, తడిపి నిమ్మకాయంత ఉండ చేసి ఆరబెట్టండి. శుక్లపక్షం సప్తమి, అష్టమి రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఎండ ఉండగానే ఆకాశంలో సగం చంద్రుడు కనబడతాడు. ఎండలో నిలబడి, మట్టి ఉండను పుల్లకు గుచ్చి చంద్రుడి పక్కకు వచ్చేలా చేయి చాచి పట్టుకోండి. ఉండ మీద ఎండ పడిన భాగం ఎంతో, చంద్రుడి మీద వెలుగు ఉన్న భాగం అంతే! రెండింటికీ వెలుగు అంచు ఒకే వైపు, సూర్యుడి వైపు. నాలుగు లక్షల కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్న గోళం, చేతి దూరంలో ఉన్న మట్టి ఉండ ఒకే దీపం కింద ఉన్నాయని పిల్లలకు ఆ క్షణంలో తడుతుంది. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

నల్లమట్టే ఎందుకంటే చంద్రుడు నిజానికి తెల్లనివాడు కాదు. తన మీద పడిన వెలుగులో నూటికి సుమారు 12 పాళ్లే తిప్పి పంపుతాడు, మిగతాది మింగేస్తాడు. పాతబడిన తారురోడ్డు, ఎండిన నల్లరేగడి కూడా ఇంచుమించు ఆ కోవలోవే. మరి వెన్నముద్దలా ఎలా కనబడతాడు? చుట్టూ ఆకాశం నల్లగా ఉంది, ఆయన మీద పడేది నడి ఎండ. చీకటి గదిలో బొగ్గుముక్క మీద గట్టి లైటు వేస్తే అదీ తెల్లగా కనబడుతుంది. ఇంత చేసినా నిండు చంద్రుడి కంటే సూర్యుడు మనకు సుమారు నాలుగు లక్షల రెట్లు ఎక్కువ వెలుగునిస్తాడు. ఎండకూ వెన్నెలకూ క్రియ ఒకటే అయినా లెక్క ఇంత దూరం.

క్రీస్తుశకం 499లో ఆర్యభటుడు భూమికీ గ్రహాలకూ సూర్యుడి వైపు ఉన్న సగం వెలుగులో, రెండో సగం తన నీడలో తానే చీకటిగా ఉంటుందని చెప్పాడు. నక్షత్రాలనూ ఆ జాబితాలో చేర్చడం ఒక్కటి పొరపాటు, అవి సొంత వెలుగు గలవి. చంద్రగ్రహణం భూమి నీడ వల్ల వస్తుందనీ చెప్పాడు. ఆ నీడే ఆకాశంలో జరిగే డబ్బా పరీక్ష. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య భూమి అడ్డొస్తే కిటికీ మూసినట్టు. సొంత వెలుగు ఉంటే చంద్రుడు అప్పుడూ వెలగాలి.

2025 సెప్టెంబరు 7 రాత్రి ఆ కిటికీ మూసుకుంది. పదకొండు గంటల నుంచి సుమారు 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉండిపోయాడు. భారతదేశమంతటా కనబడిన గ్రహణం అది. మేలుకుని చూసినవారికి చందమామ తెల్లదనం అంచు నుంచి తరిగిపోయి, చివరికి మసక రాగిబిళ్లలా మిగిలింది. రాగిరంగు కూడా అరువే. భూమి చుట్టూ ఉన్న గాలిపొర గుండా వంగి వచ్చిన ఎర్రటి వెలుగు అది. ఆ క్షణాన భూమి మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ గుంకుతోందో ఆ ఎరుపంతా కలిసి చంద్రుడి మీద పడింది. గ్రహణం రాత్రి తలుపులేసుకుని పిల్లల్ని లోపల కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడొచ్చు, ఏ హానీ లేదు. పుస్తకాలన్నీ కలిసి చెప్పలేనిది ఆ గంటన్నర చూపిస్తుంది. వచ్చే గ్రహణానికి డాబా మీద చాప పరవండి.

మన పాకల ఉన్న తీరంలోనే దక్షిణంగా ఉన్న శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన దాని విక్రమ్ ల్యాండరు మీద అయిదు సెంటీమీటర్ల చిన్న గుబ్బ ఒకటి ఉంది, అందులో ఎనిమిది స్ఫటికాలు. మన హైవే పిల్లికళ్ల లాగే అవి వెలుగును వచ్చిన వైపుకే పంపుతాయి. 2023 డిసెంబరు 12న సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి నాసా ఉపగ్రహం లేజరు వెలుగు వేస్తే, అది తిరిగి ఉపగ్రహానికే చేరింది. అప్పటికి విక్రమ్ పని ఆగిపోయి చాలా రోజులైంది. అరువు వెలుగుకు కరెంటు అక్కర్లేదు.

తదియనాటి నెలవంక

విదియనాడు కనబడని చంద్రుడు తదియనాడు తానే కనబడతాడని సామెత. అమావాస్య వెళ్లిన మూడో రోజు, పొద్దుగూకాక, పిల్లల్ని పడమటికి తిప్పి నిలబెట్టండి. సన్నటి నెలవంక ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే వంక ఒడిలో చంద్రుడి మిగతా భాగం కూడా బూడిదరంగులో లీలగా కనబడుతుంది. అక్కడ సూర్యుడి వెలుగు పడటం లేదు, మట్టి ఉండకు నీడ ఉన్న వైపు అది. మరి ఎలా కనబడుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకండి. కాగితం, పెన్సిలు ఇచ్చి బాణాలు గీయమనండి. డబ్బాతో మొదలుపెట్టి ఇంతదాకా వచ్చిన పిల్లలకు అది అందని లెక్క కాదు. ఇటలీలో లియొనార్డో డావిన్చీ అయిదు వందల ఏళ్ల కిందట గీసిన దారే వాళ్లూ గీస్తారు. సూర్యుడి నుంచి ఒక బాణం భూమికి. భూమి నుంచి ఒకటి చంద్రుడికి. చంద్రుడి నుంచి ఒకటి తమ కంటికి.

భూమి తన మీద పడిన వెలుగులో నూటికి సుమారు ముప్పై పాళ్లు తిప్పి పంపుతుంది. మబ్బులూ మంచూ ఎక్కువ పంపుతాయి, సముద్రమూ నేలా తమ వంతు పంపుతాయి. చీకటి చంద్రుడి మీద బూడిదరంగులో కనబడేది ఆ వెలుగే. మనకు పొద్దుగూకినా పడమటి దేశాల్లో, అరేబియా సముద్రం మీద అప్పటికింకా ఎండే. అక్కడి మబ్బుల, నీళ్ల, పొలాల వెలుగు చంద్రుణ్ణి తాకి, రెండున్నర సెకన్లలో సింగరాయకొండ పిల్లల కళ్లలోకి వచ్చి చేరింది. మనకంటే తూర్పున ఉన్నవాళ్లకు పొద్దుగూకే వేళ ఇక్కడింకా ఎండ ఉంటుంది కదా. అప్పుడు చంద్రుణ్ణి వెలిగించే ఆ వెలుగులో మన పత్తిచేల వంతు, మిర్చికల్లాల వంతు కూడా ఉంటాయి.

"చందమామలో లైటు ఎవరు వేస్తారు?" అని అడిగిన పాప మూడో బాణం గీసి పెన్సిలు కింద పెట్టాక, జవాబులో కొంత భాగం తన ఊరిదేనని తానే చెబుతుంది.